నల్లరాళ్ళు, కొత్తరాళ్ళు

మా అమ్మకి ఊళ్ళు చూడడం మీద పెద్ద ఆసక్తి లేదు. బెర్లిన్‌లో మా ఇంటికి వచ్చి నెలరోజులైనా, కింద సూపర్‌మార్కెట్టూ పార్కులో ఒక బెంచీ తప్ప ఇంకేదీ చూడాలని ఆవిడ అడగలేదు. నాన్న అలా కాదు. రేపల్లెలో బయల్దేరే ముందే యూరప్ ఊళ్ళన్నీ ఒక పాత డైరీలో వరసగా రాసుకొచ్చాడు. చూసినదాన్ని చూసినట్టు టిక్కు పెట్టుకుంటూ ఉన్నాడు. ఇది 2023 వేసవి మాట.

డ్రెస్డెన్ వెళ్దాం, రైల్లో రెండు గంటలే అంటే, అమ్మ అలవాటు ప్రకారం "మీరెళ్ళిరండి, నేనూ చిట్టీ ఇంట్లో ఉంటాం" అంది. అప్పుడొక మాట వదిలాను.

"అక్కడొక ఆకుపచ్చ వజ్రం ఉందమ్మా. కొల్లూరుదంటారు."

"తెనాలి దగ్గర కొల్లూరా?" అన్నాడు నాన్న. గుంటూరు వైపు వాళ్ళకి రెండు కొల్లూర్లు. ఒకటి డెల్టాలో, పచ్చగా, నాన్న వాళ్ళ ఊరికి దగ్గర్లో. రెండోది కృష్ణ ఎగువన, పల్నాడులో, బెల్లంకొండ వైపు.

"కాదు నాన్నా, పైన కొల్లూరు."

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తున్నది ఆపింది. "మునిగిందే, ఆ కొల్లూరా?"

మునిగిందే, ఆ కొల్లూరు. నాగార్జున సాగర్‌కీ ప్రకాశం బ్యారేజీకీ మధ్య కట్టిన పులిచింతల ప్రాజెక్టు కింద కృష్ణకి రెండు పక్కలా పోయిన ఊళ్ళలో అదొకటి. అమ్మ పుట్టిల్లు దానికి దగ్గర్లోనే, అదే నీళ్ళ కింద. శనివారం పొద్దున ఐదుగురం రైలెక్కాం.

*

స్టేషన్ నుంచి నడిచి పాత బజారు చౌకులోకి అడుగుపెట్టగానే నాన్న నిలబడిపోయాడు. ఆ చౌకు పేరు నోయ్‌మార్క్ట్. లేత పసుపు, గులాబీ రంగుల మేడలు, ఏటవాలు పెంకుల కప్పులు, కిటికీల చుట్టూ రాతి పూలు, మధ్యలో గంట బోర్లించినట్టు పెద్ద గోపురం. "ఎంత పాత ఊరో చూడరా!" అన్నాడు. ఆయన సంబరం చూసి ఊరుకుని ఉండాల్సింది. కానీ రైల్లో ఫోన్‌లో చదువుకుంటూ వచ్చినవాణ్ణి కదా, నోరు ఊరుకోలేదు.

"ఇవన్నీ నా బీటెక్ నాటికి లేవు నాన్నా. కొన్ని చిట్టి కంటే ఓ పదేళ్ళు పెద్దవి, అంతే."

ఆ మేడల్లో చాలావాటి లోపల కాంక్రీటే. ముఖభాగాలు మాత్రం పాత ఫోటోలూ ప్లాన్లూ చూసి మళ్ళీ చేసినవి. కొన్నిచోట్ల భూమిలో దొరికిన పాత నేలమాళిగల గోడల మీదే కొత్త ఇల్లు లేపారు. నాన్న ముఖం చిన్నబోయింది. ఒక మేడ గోడని వేళ్ళతో కొట్టి చూశాడు. "అయితే సెట్టింగా? రామోజీ ఫిల్మ్ సిటీ లాగా?"

ఆ ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. జర్మనీలో చరిత్రకారులూ ఆర్కిటెక్టులూ ముప్పై ఏళ్ళకి పైగా ఇదే వాదించుకుంటున్నారు, రామోజీ ఫిల్మ్ సిటీ బదులు డిస్నీల్యాండ్ పేరు వాడతారు, అంతే తేడా. సాయంత్రానికి మా ఇంట్లో కూడా అదే వాదన మొదలైంది గానీ, అది వేరే ఊరి గురించి. అది చెప్పాలంటే ముందు ఈ ఊరి కథ కొంత చెప్పాలి.

*

1945 ఫిబ్రవరి 13. యుద్ధం ముగింపుకొచ్చింది, తూర్పు నుంచి సోవియట్ సైన్యం దగ్గర పడింది, డ్రెస్డెన్ నిండా శరణార్థులు. ఆ రాత్రి బ్రిటిష్ విమానాలు, ఎనిమిది వందలకి దగ్గరగా, రెండు విడతల్లో వచ్చాయి. ముందు ఇళ్ళ కప్పులు ఎగిరిపోయేలా పేలుడు బాంబులు, వాటితోపాటు లోపలంతా అంటుకునేలా నిప్పు బాంబులు. రెండో విడత వచ్చేసరికి ఊరి మంటలు చాలా దూరం నుంచే కనబడుతున్నాయి, వేరే గుర్తు అవసరం లేకపోయింది. మర్నాడు పట్టపగలు అమెరికన్ విమానాలు వచ్చాయి. ఊరి నడిబొడ్డు దాదాపు మొత్తం బూడిదైంది.

ఎంతమంది చనిపోయారన్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి. రెండు లక్షలన్న సంఖ్య ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తిరుగుతోంది. అది గోబెల్స్ ప్రచార యంత్రం నుంచి వచ్చింది, అసలు లెక్కకి ఒక సున్నా తగిలించి. ఆ తర్వాత 1,35,000 అన్న సంఖ్య చాలాకాలం నడిచింది. కుర్ట్ వోనెగట్ నవల 'స్లాటర్‌హౌస్ ఫైవ్' ద్వారా అది ప్రపంచమంతా పాకింది. వోనెగట్ ఆ రాత్రి డ్రెస్డెన్‌లోనే యుద్ధఖైదీగా ఉన్నవాడు, ఆయన చూసింది నిజమే, సంఖ్య మాత్రం వేరేవాళ్ళది. నగరం నియమించిన చరిత్రకారుల సంఘం ఏళ్ళ తరబడి స్మశానాల రికార్డులూ పాత కాగితాలూ తిరగేసి, 2010లో తేల్చింది: గరిష్ఠంగా 25,000. సంఖ్య తగ్గినంత మాత్రాన ఘోరం తగ్గదు. కానీ ప్రతి ఫిబ్రవరిలోనూ ఆ పెద్ద సంఖ్యని పట్టుకుని 'మేమే బాధితులం' అని ఊరేగడానికి నియో నాజీలు వచ్చేవాళ్ళు. అందుకే ఇక్కడ లెక్క సరిగ్గా ఉండడం పాండిత్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఆ రాత్రి గురించి నాకు మర్చిపోలేని మనిషి విక్టర్ క్లెంపెరర్. యూదుడు, ఒకప్పుడు ఇక్కడే ఫ్రెంచి సాహిత్యం చెప్పిన ప్రొఫెసరు. భార్య ఎవా యూదు కాకపోవడం వల్ల అప్పటిదాకా ప్రాణాలతో మిగిలాడు. అప్పటికి ఊళ్ళో మిగిలిన యూదులు రెండొందల లోపు. సరిగ్గా ఫిబ్రవరి 13 పొద్దున ఆయనకొక పని అప్పజెప్పారు: మిగిలిన వాళ్ళలో కొందరికి 'పనికి పంపుతున్నాం, ఫలానా రోజు హాజరు కండి' అనే కాగితాలు ఇంటింటికీ పంచడం. ఆ కాగితం అర్థమేమిటో పంచేవాడికీ తెలుసు, తీసుకునేవాళ్ళకీ తెలుసు. రాత్రి బాంబులు పడ్డాయి. ఆ గందరగోళంలో ఎవా చిన్న చాకుతో ఆయన కోటు మీది పసుపు నక్షత్రాన్ని కోసేసింది, ఇద్దరూ శరణార్థుల్లో కలిసి తప్పించుకున్నారు. ఊరిని తగలబెట్టిన మంటే ఆయన్ని బతికించింది. ఇది ఆయన డైరీల్లో ఉంది. డ్రెస్డెన్ గురించి ఒక్క వాక్యంలో తీర్పు చెప్పేవాళ్ళు ఆ పేజీలు ఒకసారి చదవాలి.

*

చౌకు మధ్యలో ఉన్న గోపురం ఫ్రావెన్‌కిర్షెది. అంటే అమ్మవారి గుడి అనుకోండి, మేరీమాత పేరున్న చర్చి. 1726లో మొదలై 1743లో పూర్తయింది. కట్టినవాడు గెయోర్గ్ బేర్, వృత్తికి వడ్రంగి. అతను గోపురాన్ని కూడా రాతితోనే కట్టాడు. అంత బరువు నిలవదన్నవాళ్ళు చాలామంది. 1760లో ప్రష్యా సైన్యం ఊరి మీద ఫిరంగులు పేల్చినప్పుడు గుళ్ళు ఆ గోపురానికి తగిలి పక్కకి పోయాయని చెప్తారు. పక్కనున్న ఇంకో చర్చి, క్రాయ్ట్స్‌కిర్షె, మాత్రం కూలింది. దాని శిథిలాన్ని బెర్నార్డో బెల్లొట్టో 1765లో బొమ్మ గీశాడు. ఆ బొమ్మ ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. సగం విరిగిన గంట స్తంభం, కింద చీమల్లా మనుషులు, ఎక్కుతూ, మోస్తూ, శుభ్రం చేస్తూ. ఈ ఊరికి కూలిపోవడమూ కొత్త కాదు, రాళ్ళేరుకోవడమూ కొత్త కాదు.

1945లో బాంబులకి కూడా ఫ్రావెన్‌కిర్షె వెంటనే పడలేదు. లోపల రెండు రోజులు తగలబడింది. ఆ వేడికి లోపలి స్తంభాలు బలం కోల్పోయి, ఫిబ్రవరి 15 పొద్దున మొత్తం కూలింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకి పైగా, తూర్పు జర్మనీ కాలమంతా, అది నడి ఊళ్ళో ఒక రాళ్ళగుట్టగా ఉండిపోయింది. రెండు గోడముక్కలు, వాటి మధ్య గుట్ట, గుట్ట మీద మొలిచిన చెట్లు. అదే ప్రభుత్వం సోఫియన్‌కిర్షె అనే ఇంకో పాత చర్చి శిథిలాన్ని 1960లలో పూర్తిగా ఎత్తించేసింది. ఈ గుట్టని మాత్రం యుద్ధస్మారకమని ఉంచింది. 1982 నుంచి ఫిబ్రవరి 13 రాత్రుళ్ళు కుర్రాళ్ళు అక్కడికొచ్చి మౌనంగా కొవ్వొత్తులు పెట్టేవాళ్ళు. ఆ కాలంలో అలా గుమిగూడడం చిన్న ధైర్యం కాదు.

బెర్లిన్ గోడ పడ్డాక, 1990 ఫిబ్రవరిలో, ఊరి పౌరులు కొందరు 'దీన్ని మళ్ళీ కడదాం, సాయం చేయండి' అని ప్రపంచానికి విజ్ఞప్తి చేశారు. అందరూ ఒప్పుకోలేదు. గుట్టే నిజం, దాన్ని మళ్ళీ చర్చిగా మారిస్తే జరిగింది జరగనట్టు అవుతుందన్నవాళ్ళు చర్చిలోనే ఉన్నారు. చిన్న వాదన కాదది, అప్పుడు నేనక్కడ ఉంటే ఎటు ఓటేసేవాణ్ణో.

కానీ వాళ్ళు కట్టిన పద్ధతి చూశాక నా మనసు కొంత మారింది. 1993లో గుట్టని తవ్వడం మొదలుపెట్టారు. సుమారు 22,000 ఘనమీటర్ల రాయి. బుల్డోజరు పెట్టి తొయ్యలేదు. పనికొచ్చే ప్రతి రాయినీ, అది గుట్టలో ఎక్కడ, ఎలా పడి ఉందో ఫోటో తీసి, కొలిచి, నంబరు వేసి, అరల్లో పేర్చారు. ఎక్కడ పడిందో తెలిస్తే ఎక్కణ్ణుంచి పడిందో లెక్కగట్టొచ్చు. గోపురం పైభాగం రాళ్ళు ఇటు, కింది భాగం రాళ్ళు అటు. కంప్యూటర్‌లో త్రీడీ మోడల్ కట్టి, ఏ రాయి ఏ ఖాళీలో కూర్చుంటుందో చూసుకున్నారు. 1990ల కంప్యూటర్లతో! నాలాంటివాడికి ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. బ్యాకప్ లేకుండా చచ్చిపోయిన సర్వర్‌ని, అది చచ్చిపోతూ రాసుకున్న లాగ్‌ల నుంచి తిరిగి నిలబెట్టినట్టు. ఒక్క బలిపీఠాన్నే దాదాపు 2,000 పాత ముక్కలు కలిపి నిలబెట్టారు. బయటి గోడల్లో మూడున్నర వేలకి పైగా పాత రాళ్ళు వాటి వాటి పాత చోటుల్లోనే కూర్చున్నాయి. 2005 అక్టోబర్ 30న చర్చి తెరిచారు.

డబ్బులో సగానికి పైగా చందాలు. న్యూయార్క్‌లో స్థిరపడిన జీవశాస్త్రవేత్త గుంటర్ బ్లోబెల్, చిన్నప్పుడు శరణార్థిగా పోతూ బాంబులకి కొద్దిరోజుల ముందు ఈ గోపురాన్ని చూసినవాడు, 1999లో తనకొచ్చిన నోబెల్ బహుమతి డబ్బుని ఈ ఊరికి రాసిచ్చాడు, ఈ చర్చికీ, కొత్త సినగాగ్‌కీ. గోపురం మీది బంగారు శిలువని చేసింది లండన్ కంసాలి ఆలన్ స్మిత్. వాళ్ళ నాన్న ఆ దాడుల్లో బాంబర్ నడిపిన పైలట్.

గోడ దగ్గరికి వెళ్తే రాళ్ళు రెండు రంగుల్లో కనిపిస్తాయి. కొత్తవి తేనె రంగులో, మధ్యమధ్యలో ముక్కలుముక్కలుగా పాతవి నల్లగా. చిట్టి పరుగెత్తుకెళ్ళి నల్లరాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "పాపం, కాలి మాడిపోయాయి" అన్నాడు నాన్న. అక్కడికొచ్చే ప్రతివాళ్ళూ అలానే అనుకుంటారట. నిజానికి ఆ నలుపు మంటది కాదు. ఎల్బే నది ఒడ్డు ఇసుకరాయిలో ఇనుము ఉంటుంది, గాలికీ వానకీ ఏళ్ళ మీద దానంతటదే నల్లబడుతుంది. బాంబులు పడకముందు కూడా ఈ చర్చి నల్లగానే ఉండేది.

అమ్మ గోడ పక్కనే ఉంది. పెద్దగా ఏమీ అనలేదు. ఒక నల్లరాయి మీద అరచెయ్యి ఆనించి, "నంబర్లేశారా ఒక్కోదానికీ?" అని మాత్రం అడిగింది.

*

మధ్యాహ్నం రాజభవనంలోకి వెళ్ళాం. అది కూడా తగలబడి, 1980ల నుంచి మెల్లగా లేస్తూ వచ్చిన కట్టడమే. సాక్సనీ పాలకుడు, పోలెండ్ సింహాసనం కోసం మతం కూడా మార్చుకున్న అగస్టస్, 'బలశాలి' అని బిరుదు, పోగేసిన నగలూ వింత వస్తువులూ ఇక్కడుంటాయి. గ్రీన్ వాల్ట్ అంటారు. యుద్ధం తర్వాత ఈ సంపదంతా సోవియట్ యూనియన్‌కి తరలి, 1958లో తిరిగొచ్చింది. 2019 నవంబర్లో దొంగలు పడి నగలెత్తుకుపోయిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మన ఆకుపచ్చ వజ్రం న్యూయార్క్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఉండడం వల్ల దాని జోలికి ఎవరూ రాలేదు.

వజ్రం కంటే ముందు మమ్మల్ని ఆపింది ఇంకొకటి. బల్ల మీద పరిచిన బొమ్మల కొలువు. నిజంగా సంక్రాంతికి మనింట్లో పెట్టే బొమ్మల కొలువే, కాకపోతే బంగారంతో, ఎనామెల్‌తో, ఐదువేల దాకా వజ్రాలతో. వెండి మెట్ల పైన సింహాసనం మీద ఔరంగజేబు. కింద ఏనుగులు, గుర్రాలు, కానుకలు మోసుకొస్తున్న అమీర్లు, నూట ముప్పైకి పైగా బొమ్మలు. మొఘల్ చక్రవర్తి పుట్టినరోజు దర్బారు. కొలువు కంసాలి యోహాన్ మెల్కియోర్ డింగ్‌లింగర్, తమ్ముళ్ళతో కలిసి 1701 నుంచి 1708 దాకా చేశాడు. జీవితంలో ఇండియా మొహం చూడలేదు, యాత్రికుల పుస్తకాలు చదివి ఊహించాడు. అందుకే ఆ దర్బారులో కొంత ఈజిప్టు, కొంత చైనా కూడా ఉన్నాయి. పని పూర్తవకముందే, 1707లో, అసలు ఔరంగజేబు దక్కన్‌లోనే చనిపోయాడు. ఆయన ఇరవై ఏళ్ళ ముందు, 1687లో, గోల్కొండ పట్టుకున్నాడు. గోల్కొండతో పాటు కొల్లూరు గనులూ ఆయనవయ్యాయి.

అప్పటి యూరప్ కొల్లూరుని తెలుసుకుంది ముఖ్యంగా ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే వల్ల. 17వ శతాబ్దం నడుమ ఆయన స్వయంగా అక్కడికి వెళ్ళాడు. స్థానికులు ఆ చోటుని 'గని' అంటారనీ, పారశీకంలో 'కులూర్' అంటారనీ రాసుకున్నాడు. అంటే "ఇదేంటి?" అని అడిగుంటాడు, మనవాళ్ళు "గని" అని ఉంటారు, ఆయన దాన్ని ఊరి పేరనుకుని ఉంటాడు. ఒక తెలుగుమాట అలా ఫ్రెంచి పుస్తకంలోకెక్కింది. సజ్జలో జొన్నో వేసుకోవడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి పెద్ద రాయి దొరకడంతో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయని ఆయన విన్నాడు. అరవైవేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మన్ను మోస్తారు. తవ్వేముందు దేవుడి రాతిబొమ్మ తెచ్చి, మొక్కి, భోజనాలు పెడతారు. ఆ తర్వాత మన్నుని గోడకట్టిన మడుల్లో నీళ్ళు పోసి కలిపి, ఎండబెట్టి, ఏరతారు. ఇంత వివరంగా రాసిన మనిషి ఆ అరవైవేలలో ఒక్కడి పేరు కూడా రాయలేదు. 19వ శతాబ్దం వచ్చేసరికి గని మూతపడి, అసలెక్కడుందో కూడా బయటివాళ్ళు మర్చిపోయారు. తావెర్నియే చెప్పిన చోటు కృష్ణ ఒడ్డు కొల్లూరేనని భూగర్భశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ 1880లలో మళ్ళీ తేల్చాల్సొచ్చింది.

ఆకుపచ్చ వజ్రం వేరే గదిలో ఉంది. బాదంగింజ ఆకారం, సుమారు 41 కేరట్లు, చుట్టూ తెల్ల వజ్రాలు. టోపీకి పెట్టుకునే నగలో పొదిగారు. ఆ పచ్చదనం భూమిలో ఉండగా తగిలిన సహజమైన రేడియేషన్ వల్ల వచ్చిందని శాస్త్రజ్ఞులు చెప్తారు. దీని సంగతి మొదట కాగితం మీద కనబడేది లండన్ పత్రికలో, 1722లో. బ్రెజిల్ వజ్రాలు యూరప్‌కి రావడం ఆ తర్వాత మాట. కాబట్టి ఇది ఇండియాదే అనుకోవడానికి బలముంది. కొల్లూరుదనడం పెద్ద వజ్రాలు ఎక్కువగా అక్కణ్ణుంచే వచ్చేవి కాబట్టి చేసిన ఊహ. అగస్టస్ కొడుకు దీన్ని 1742 ప్రాంతంలో లైప్‌జిగ్ సంతలో ఒక డచ్చి వ్యాపారి దగ్గర కొన్నాడు. యుద్ధానికి ఫిరంగులడిగితే డబ్బు లేదన్నాడు గానీ, పచ్చ వజ్రానికి మాత్రం నాలుగు లక్షల థాలర్లు పోశాడని ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఎత్తిపొడిచాడు. పొద్దున మేం చూసిన చర్చి కట్టడానికి అయిన మొత్తం మూడు లక్షల లోపే. అగ్గిపెట్టెలో పట్టే రాయి చర్చి కంటే ఖరీదు.

అమ్మ అద్దానికి దగ్గరగా వంగి చూసింది. "చిన్నప్పుడు వానపడితే మా ఊళ్ళో రాళ్ళు వెతికేవాళ్ళం. గాజుపెంకు దొరికినా దాచుకునేవాళ్ళం. మా వాళ్ళెవరూ వజ్రాన్ని కళ్ళజూసింది లేదు." కాసేపాగి, "ఇది బానే ఉంది. దీనికేమీ కాలేదు" అంది.

*

సాయంత్రం ఎల్బే ఒడ్డున గడ్డిలో కూర్చున్నాం. దూరంగా ఒక వంతెన కనిపిస్తే నాన్న అడిగాడు. దాని కథ నాకు నచ్చే కథ, చెప్పాను. ఈ నదీలోయని 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఊరివాళ్ళకేమో ట్రాఫిక్ తగ్గడానికి వంతెన కావాలి. కడితే లోయ అందం చెడుతుంది, గుర్తింపు తీసేస్తామంది యునెస్కో. 2005లో ఊళ్ళో ఓటింగ్ పెట్టారు. వంతెనే గెలిచింది. 2009లో యునెస్కో అన్నంత పనీ చేసింది, జాబితాలోంచి కొట్టేసింది. వంతెన 2013లో తెరిచారు.

"కరెక్టే కదా" అన్నాడు నాన్న. "బతికేవాళ్ళకి వంతెన కావాలి. అందం తింటారా?"

"ఓటు పెట్టారా?" అంది అమ్మ.

"ఆఁ అమ్మా, ఊరంతా వేశారు."

"మమ్మల్నెవరడిగారు?"

నాన్న నది వైపు తిరిగాడు. నా భార్య చిట్టికి ఐస్‌క్రీం కొనిపెడతానని లేచింది. ఈ సంభాషణ మా ఇంట్లో పదేళ్ళుగా నడుస్తున్నదే, ఎప్పుడూ సగంలో ఆగేదే. పులిచింతల నిండితే 45.77 టీఎంసీలు. అది ఉన్నందువల్ల డెల్టాలో నారుమళ్ళకి సాగర్ గేట్లెత్తేదాకా చూడక్కర్లేకుండా నీళ్ళొస్తాయి. కృష్ణా డెల్టా ఆయకట్టు పదమూడు లక్షల ఎకరాలు. అందులో మూడెకరాలు నాన్నవి. అమ్మ ఊరు మునిగిన నీళ్ళే నాన్న పొలానికొస్తాయి. ఇందులో ఎవరిది తప్పని చెప్తాం? ఇద్దరూ ఆ పొలం బియ్యమే తింటారు.

"మేం అడ్డం పడలేదు కదండీ" అంది అమ్మ, చాలాసేపటికి. "పొమ్మన్నారు, పోయాం. వీళ్ళని చూస్తే ఏమనిపించిందంటే, ప్రతి రాయికీ నంబరేసుకున్నారు. మా ఇల్లు ఒక్క ఫోటో లేదు."

ఆ మాట నాకు తగలాల్సిందే, తగిలింది. మా మావయ్య ఇల్లు విప్పుతున్నప్పుడు నాకు ఫోన్ చేశాడు, రెండ్రోజులు రారా, పెద్ద పనుంది, అని. అప్పుడు నేను హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో ఉన్నాను. ప్రాజెక్టు రిలీజ్ అని చెప్పాను. ఆ రిలీజ్ ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నా చేతిలో అప్పటికే కెమెరా ఫోన్ ఉంది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో నేను పడుకున్న నాపరాళ్ళ అరుగు, మధ్యాహ్నం ఒళ్ళు కాల్చి, రాత్రి చల్లబడే అరుగు, దాన్నెవరూ ఫోటో తియ్యలేదు.

మావయ్య తీసుకెళ్ళగలిగినవి తీసుకెళ్ళాడు. దూలాలు, కిటికీలు, వీధి గుమ్మం. పునరావాస కాలనీలో కట్టుకున్న ఇంటికి ఆ గుమ్మమే పెట్టాలని పట్టుబట్టాడు. అది టేకుది, తాతగారి నాటిది, కొత్త గోడకి ఎత్తెక్కువ. గోడ పైభాగం పగలగొట్టి ఇరికించి సిమెంటు పట్టించాడు. పచ్చరంగు కాంక్రీటు డాబాకి ఆ నల్లటి చెక్కుడు గుమ్మం ఎబ్బెట్టుగా ఉంటుంది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు నవ్వారని మా మరదలికి ఇప్పటికీ కోపం. నేనూ నవ్వాను ఒకసారి. ఫ్రావెన్‌కిర్షె గోడ చూశాక ఇక నవ్వలేను.

నాన్న మెల్లగా అన్నాడు, "గేటు కొట్టుకుపోయినప్పుడు మీ అన్నయ్య పంపిన ఫోటోలున్నాయి కదా, అవి చూపించు వాడికి."

2021 ఆగస్టులో పులిచింతల గేటొకటి వరదకి కొట్టుకుపోయింది. దాన్ని సరిచెయ్యడానికి ప్రాజెక్టులో నీళ్ళు చాలావరకు వదిలెయ్యాల్సొచ్చింది. నిండుకుండ కొద్దిరోజులు అడుగంటింది. డెల్టాలో నాన్నలాంటివాళ్ళంతా పోయిన నీళ్ళ లెక్కలు వేసుకుంటుంటే, మావయ్య బండేసుకుని ఊరు చూడ్డానికి వెళ్ళాడట. ఈ సంగతి నాకు తెలియదు. అమ్మ ఫోన్‌లో నాలుగు ఫోటోలున్నాయి. బురద, బురదలో మోళ్ళు. మూడో ఫోటోలో నాపరాళ్ళ వరస ఒకటి, మెట్ల లాంటిది. "ఇది మన అరుగే" అంది అమ్మ. ఎలా చెప్పగలవంటే, "బావి ఇటుంది కదా, వేపచెట్టు మోడు అటుంది కదా" అని వేలితో చూపించింది. ఎక్కడ పడిందో తెలిస్తే ఎక్కడిదో చెప్పొచ్చు.

*

రైలుకి ఇంకా గంటన్నర ఉందని నది పక్కనే నడిచి కొత్త సినగాగ్ దాకా వెళ్ళాం. అది చూడాలని నేనే అన్నాను. గాట్‌ఫ్రీడ్ జెంపర్ 1840లో కట్టిన పాత సినగాగ్‌ని 1938 నవంబర్ 9 రాత్రి తగలబెట్టారు. బాంబులు కాదు, ఊళ్ళోవాళ్ళే. ఆల్ఫ్రెడ్ నోయ్‌గెబావర్ అనే ఫైర్‌మన్ దాని మీది నక్షత్రాన్ని కాపాడి, యుద్ధం అయ్యేదాకా దాచిపెట్టాడు. 2001లో అదే నవంబర్ 9న కొత్తది తెరిచినప్పుడు దాన్ని పాతదానికి నకలుగా కట్టలేదు. కిటికీల్లేని ఒక రాతి ఘనం, పైకి వెళ్ళేకొద్దీ వరసవరసకీ కాస్త మెలితిరుగుతూ. పాతదాంట్లోంచి తెచ్చుకున్న ఆ నక్షత్రం తలుపు పైన ఉంటుంది. అవతల చౌకులో కూలినదాన్ని కూలనట్టు లేపారు, ఇక్కడ పోయినదాన్ని పోయినట్టు ఉంచారు. రెండూ ఒకే ఊరివి, పది నిమిషాల నడక. ఈ రెండోది నాకు ఎక్కువ నచ్చింది. నాన్నకి అస్సలు నచ్చలేదు. "గోడౌన్‌లా ఉంది" అన్నాడు. అయినా డైరీలో రాసుకున్నాడు.

రైల్లో అమ్మ మావయ్యకి వాట్సాప్‌లో ఫోటోలు పంపింది. వజ్రానిది కాదు, గోడది. నల్లరాళ్ళూ కొత్తరాళ్ళూ కలిసి కనబడేలా చిట్టిని నిలబెట్టి తీయించుకున్నది. కింద వాయిస్ మెసేజ్ పెట్టింది, "అన్నయ్యా, కూలిపోయిన గుడంట, రాళ్ళన్నిటికీ నంబర్లేసుకుని ఎక్కడివక్కడ పెట్టి మళ్ళీ కట్టారు, చూడు" అని. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా పావుగంటలో జవాబొచ్చింది. స్పీకర్‌లో పెట్టింది.

"బాగుందమ్మాయ్. పాతరాయికీ కొత్తరాయికీ మధ్య సందులో ఏం పెట్టారో కాస్త అడుగు. సున్నమా, సిమెంటా? మన గుమ్మం దగ్గర మళ్ళీ నెర్రె వచ్చింది."